బొడ్రాయి పండుగకు అత్తగారి పుట్టిల్లు వెళుతున్నాను: ఊరి కట్టడి గురించి తెలిసినవారు చెప్పగలరా?

గుంటూరు అల్లుడు

అందరికీ నమస్కారం. మా స్వస్థలం గుంటూరు, ఉద్యోగం హైదరాబాదులో. నా భార్య అమ్మమ్మ గారి ఊరు సూర్యాపేట జిల్లాలో తిరుమలగిరి దగ్గర, జనగామ రోడ్డు దిగి నాలుగైదు కిలోమీటర్లు లోపలికి పోతే వచ్చే చిన్న పల్లె. రెండు వందల గడప కూడా ఉండదు. ఒక బడి, ఒక చెరువు, రెండు కిరాణా కొట్లు, అంతే. పోయిన మాఘంలో అక్కడ బొడ్రాయిని కొత్తగా ప్రతిష్ఠించారు, ఈ మాఘంలో దాని మొదటి వార్షికోత్సవం జరుపుతున్నారు. పెళ్లయి వేరే ఊళ్లకు వెళ్లిన ఆడబిడ్డలందరికీ పిలుపు వచ్చింది. మా అత్తగారికి, ఆమె చెల్లెలికి, వాళ్ల పిల్లలకు, ఆ లెక్కన అల్లుళ్లమైన మాకు కూడా.

మా వైపు కూడా ఊరి నడుమ బొడ్డురాయి ఉంటుంది కాని, దానికి ఏడాది నిండిందని పండుగ చేయడం నేను చూడలేదు. మాకు తెలిసినవి అమ్మవారి కొలుపులే. ఇప్పుడు నా చిక్కు ఏమిటంటే, శనివారం అర్ధరాత్రి నుంచి ఊరు కట్టడి చేస్తారని, ఆదివారం రాత్రి పొలిమేర చుట్టూ పొలి (బలి అన్నం) చల్లడం పూర్తయ్యేవరకు లోపలివారు బయటికి పోకూడదని, బయటివారు లోపలికి రాకూడదని మా మామయ్య ఫోనులో చెప్పారు. సోమవారం ఉదయం తొమ్మిదింటికి నాకు ఆఫీసులో తప్పించుకోలేని సమావేశం ఉంది. ఈ కట్టడి ఎంత గట్టిగా ఉంటుంది? చుట్టపుచూపుగా వచ్చినవాడికి సడలింపు ఏమైనా ఉంటుందా? అలాగే ఏం తీసుకువెళ్లాలి, ఎక్కడ తప్పు చేసే అవకాశం ఉంది అన్నది కూడా తెలిసినవారు చెబితే సంతోషిస్తాను.

బిక్కేరు

మాదీ ఆ చుట్టుపక్కల ఊరే. సడలింపు ఉండదు, దాని మీద ఆశ పెట్టుకోకండి. అల్లుడైనా, అధికారి అయినా, ఎమ్మెల్యే గారైనా ఒకటే. ప్రాణం మీదికి వస్తే, పురిటి నొప్పులు వస్తే ఎవరూ ఆపరు. అంతకు తక్కువ కారణం ఏదీ చెల్లదు. మా ఊళ్లో పండుగ జరిగినప్పుడు నాలుగు తోవలకూ ఎడ్లబండ్లు అడ్డంపెట్టి, వేపమండలు కట్టి, తోవకు నలుగురు చొప్పున కుర్రవాళ్లను కాపలా పెట్టారు. పాలవాడి మోటారుసైకిలు కూడా ఆ రోజు ఊళ్లోకి రాలేదు.

మీరు గుర్తుపెట్టుకోవలసిన సంగతి ఇంకొకటి ఉంది. మనుషులే కాదు, ఏ వస్తువూ ఆ సమయంలో పొలిమేర దాటి బయటికి పోకూడదు. ఉప్పు, నిప్పు, పాలు, వండిన అన్నం ఏవీ పోవు. పోతే ఊరి సత్తువ పోయినట్టని మా నాయనమ్మ అనేది. పూర్వం పక్క ఊరివాళ్లు పొలి గంపలోంచి గుప్పెడు మెతుకులు గుంజుకుపోతే ఆ ఏటి పంట వాళ్లకు పోతుందని నమ్మేవారట, అందుకే పొలి చల్లేవాళ్ల వెంట కర్రలు పట్టుకుని ఊరి మగవాళ్లంతా పరుగెత్తేవారు. ఇప్పుడు గుంజుకునేవాళ్లు లేరు, పరుగు మాత్రం మిగిలింది.

ఒక సలహా. కారు ఊళ్లోకి తీసుకుపోకండి. పొలిమేర అవతల తెలిసినవారి బావి దగ్గరో, రోడ్డు మీద బంకు దగ్గరో పెట్టుకుని నడిచి వెళ్లండి. సోమవారం తెల్లవారుజామున దోవ తెరవగానే బయలుదేరవచ్చు.

తంగేడు

నేను ఆ ఊరి ఆడబిడ్డను కాను కాని, అటువంటి ఊరి ఆడబిడ్డనే. తీసుకువెళ్లే వస్తువుల గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను. మీరు తీసుకుపోవలసినది చాలా తక్కువ. మీ భార్య, అత్తగారు తెచ్చుకునేదే ఎక్కువ. ఈ పండుగ పేరుకు రాయిదే అయినా జరిగేది ఆడబిడ్డల కోసం. అన్నదమ్ములు చీర పెడతారు, ఒడిబియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యంలో కుడకలు (ఎండుకొబ్బరి చిప్పలు), ఖర్జూరాలు, పోకలు, పసుపు కొమ్ములు, రవిక గుడ్డ పెట్టి దోసిళ్లతో కొంగులో పోస్తారు. ఆడబిడ్డ లేచేటప్పుడు అందులోంచి కొన్ని బియ్యం తీసి పుట్టింట్లోనే వదిలి వెళుతుంది. మీ భార్య మనవరాలే అయినా అమ్మమ్మ బతికి ఉండగా ఆమెకూ పోస్తారు. కాబట్టి ఒక గట్టి గుడ్డ సంచి పట్టుకెళ్లండి. తిరుగు ప్రయాణంలో ఆ బియ్యాన్ని మీరు డిక్కీలో చెప్పుల పక్కన పెడితే ఇంట్లో ఏం జరుగుతుందో నేను చెప్పనవసరం లేదు.

ఇంకొకటి. ఆదివారం నాడు ఇంటింటి నుంచి బోనం వెళుతుంది, దానికి ముందు బొడ్రాయికి నీళ్లు పోస్తారు. బిందె పట్టుకుని తడి బట్టలతో వరుసలో నిలబడేది ఆడవాళ్లు. మీరు ఫోను పట్టుకుని ఆ వరుసకు ఎదురుగా నిలబడి వీడియో తీయకండి. ఈ మధ్య చాలామంది అల్లుళ్లు అదే పని చేస్తున్నారు.

జమిడిక

వార్షికోత్సవం అన్న మాట ఇక్కడ ఎలా వచ్చిందో చెప్పడం బాగుంటుందనిపించింది. ఊరు ఏ సంవత్సరంలో పుట్టిందో ఎవరికీ తెలియదు. పాత బొడ్రాయి నేలలోకి కుంగిపోవడమో, రోడ్డు ఎత్తు పెంచినప్పుడు పూడిపోవడమో, ఊళ్లో వరుసగా అకాల మరణాలు జరిగి ‘రాయి కదిలింది’ అని పెద్దలు అనుకోవడమో జరిగితే కొత్తగా ప్రతిష్ఠిస్తారు. గుంతలో యంత్రం, నవధాన్యాలు, పంచలోహాల ముక్కలు వేసి, దాని మీద రాయిని నిలుపుతారు. అక్కడి నుంచి ఏడాది లెక్క మొదలవుతుంది. అంటే మీరు వెళుతున్నది ఊరి పుట్టినరోజుకు కాదు, ఊరు తనను తాను మళ్లీ నాటుకున్న రోజుకు. కొన్ని ఊళ్లు ఏటా చేస్తాయి, కొన్ని మూడేళ్లకో అయిదేళ్లకో చేస్తాయి; చందా భారం చూసుకుని నిర్ణయించుకుంటారు.

మీకు తీరిక ఉంటే శనివారం రాత్రి బైండ్లవారు (ఎల్లమ్మ కథలు పాడే పూజారులు) పట్నం వేసేటప్పుడు కూర్చోండి. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుల పొడి, బొగ్గుపొడి చేతివేళ్ల సందుల్లోంచి జారవిడుస్తూ నేల మీద గీసే ముగ్గు అది. గీతకు ముందు కొలత ఉండదు, చెరపడం ఉండదు. పక్కన ఒకరు జమిడిక వాయిస్తూ ఎల్లమ్మ కథ పాడుతుంటారు. జమిడిక తీగ నుంచి వచ్చే ధ్వని మనిషి మూలిగినట్టు, గొణిగినట్టు ఉంటుంది. ఒకసారి దగ్గరగా విన్నవారు దాన్ని మరొక వాద్యంతో పొరబడరు. తెల్లవారేసరికి ఆ పట్నం మీదే నడిచి దాన్ని చెరిపేస్తారు కాబట్టి చూడదలచినవారు రాత్రే చూడాలి.

డెమోయిన్ తాతయ్య

నేను కొడుకు దగ్గర అమెరికాలోని అయోవాలో ఉంటున్నాను. ఈ చర్చ చదువుతుంటే రెండేళ్ల కిందట మా వియ్యపురాలి ఊరికి వెళ్లిన సంగతి గుర్తుకు వచ్చింది. మా కోడలు ఇక్కడి అమ్మాయి. వాళ్ల అమ్మ పుట్టిన ఊరు మొక్కజొన్న చేల మధ్య ఉన్న చిన్న ఊరు, జనాభా మన తండా అంత. ఆ ఊరికి 150 ఏళ్లు నిండాయని మూడు రోజుల పండుగ చేశారు. వాళ్లకు తేదీ విషయంలో సందేహం లేదు. రైలు మార్గం వేసినప్పుడు స్థలాలు కొలిచి పటం గీసి నమోదు చేసిన రోజే ఊరి పుట్టినరోజు. రైలు ఎప్పుడో ఆగిపోయింది, పట్టాలు కూడా పీకేశారు, బడిని పక్క ఊరి బడిలో కలిపేశారు, అయినా ఆ బడిలో చదివినవాళ్లంతా ఎక్కడెక్కడి నుంచో వచ్చి వ్యాయామశాలలో పాత ఫొటోల ముందు నిలబడి పేర్లు వెతుక్కున్నారు.

ఊరేగింపులో పాత ట్రాక్టర్లు, అగ్నిమాపక వాహనం వరుసగా వెళుతుంటే వాటి మీది నుంచి పిల్లలకు చాక్లెట్లు విసిరారు. నా మనవడు సంచి నింపుకున్నాడు. నేను అక్కడ చూసిన తేడా ఒకటే. వాళ్లు ఊరిని తెరిచి పెట్టి పండుగ చేస్తారు, వచ్చే పోయే వారందరినీ రమ్మంటారు. మనం మూసి చేస్తాం. రెండు చోట్లా వచ్చినవాళ్లు మాత్రం ఊళ్లో ఉంటున్నవాళ్ల కంటే ఊరు వదిలిపోయినవాళ్లే ఎక్కువ.

బిక్కేరు

తాతయ్య గారూ, మీరు చెప్పినది బాగుంది. తేదీ గురించి నాదొక మాట. మా ప్రాంతంలో ఊళ్ల వయసును శిలాఫలకం మీది సంవత్సరంతో కొలిస్తే నవ్వు వస్తుంది. అక్కడికి దగ్గరలోనే ఫణిగిరి ఉంది, బౌద్ధ స్తూపం ఉన్న కొండ. 2024లో అక్కడి తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 సీసపు నాణేలు దొరికాయి, ఇక్ష్వాకుల కాలంనాటివని గుర్తించారు. ఎవరో ఏదో భయంతోనో, ఏదో మొక్కుతోనో కుండలో పోసి పూడ్చిపెట్టి ఉంటారు. మా ఊళ్లో బొడ్రాయి ప్రతిష్ఠ నాడు గుంత చుట్టూ జనం నిలబడి రూపాయి బిళ్లలు వేస్తుంటే ఆ కుండే గుర్తుకు వచ్చింది. వెయ్యేళ్ల తర్వాత ఎవరైనా తవ్వితే మన అయిదు రూపాయల బిళ్లల గుట్ట చూసి ఏమనుకుంటారో!

వాడ నుంచి

అందరూ బాగానే చెప్పారు కాని ఎవరూ ఎత్తని విషయం ఒకటి ఉంది, అది నేను ఎత్తుతాను. మా నాయన డప్పు కొట్టేవాడు. చాటింపు మా డప్పుతోనే, ఘటం (అమ్మవారి పేరున ఊరేగించే కుండ) కదిలేది మా డప్పుతోనే, రాత్రి పొలి గంప ఎత్తుకుని చీకట్లో పొలిమేర చుట్టూ తిరిగేది మావాళ్లే. కాని ఆయన వయసులో ఉన్నప్పుడు బొడ్రాయికి నీళ్లు పోసే వరుసలో మా అమ్మ నిలబడలేదు. ఊరి బొడ్డు అంటారు, మరి ఆ బొడ్డుకు ఆనుకుని ఉన్న కడుపులో మా వాడ ఉందో లేదో ఎవరూ చెప్పరు. పొలిమేర గీత మాత్రం మా వాడను కలుపుకునే పోతుంది, ఎందుకంటే అరిష్టం అటు నుంచి కూడా రావచ్చు కదా.

మా ఊళ్లో కొత్త రాయి పెట్టేటప్పుడు మా పిల్లలు ఒక్క మాట మీద నిలబడ్డారు. ఇంటికి ఇంత అని చందా సమానంగా తీసుకున్నప్పుడు బిందె కూడా సమానంగానే పోయాలన్నారు. రెండు రోజులు కూర్చున్నారు, కేకలు వేసుకున్నారు, చివరికి ఒప్పుకున్నారు. మా అమ్మ డెబ్బై ఏళ్ల వయసులో మొదటిసారి ఆ రాయి మీద నీళ్లు పోసింది. ఇంటికి వచ్చి ‘చల్లగుంది’ అన్నది, అంతే. నీళ్ల గురించి అన్నదో రాయి గురించి అన్నదో నేను అడగలేదు.

అల్లుడు గారూ, మీరు వెళ్లినప్పుడు ఘటం ఏ వీధి నుంచి బయలుదేరి ఏ వీధికి ఎప్పుడు చేరిందో గమనించండి. వీలైతే ఇక్కడ రాయండి.

తండా టీచర్

ఒక చిన్న మాట జోడిస్తాను. 2018 పంచాయతీరాజ్ చట్టం తర్వాత మా తండా సొంత పంచాయతీ అయింది. అప్పటి నుంచి కుర్రవాళ్లు మనకూ బొడ్రాయి ఉండాలి అంటున్నారు. మా పెద్దలు మన లంబాడీల సీత్లా పండుగ ఉండగా ఇది ఎందుకని అడిగారు. పంచాయతీ కార్యాలయం కట్టాక ఊరికి నడిమి స్థలం ఏదో తేలుతుంది, అప్పుడు చూద్దాం అని వాయిదా వేశారు. ఊరు కావడం కాగితం మీద ముందు జరిగింది, రాయి వెనక పడింది.

పొలిమేర

జంతుబలి గురించి ఎవరూ చెప్పలేదు, గుంటూరు వారు ముందుగా తెలుసుకోవడం మంచిదని రాస్తున్నాను. 1950 నాటి జంతుబలి నిషేధ చట్టం ఉంది, పోలీసులు వచ్చి చెప్పి వెళతారు కూడా. ఇప్పుడు చాలా ఊళ్లు దున్నపోతును మానేసి గుమ్మడికాయ కొట్టి, కుంకుమ కలిపిన అన్నంతో పొలి చల్లుతున్నాయి. ఇళ్లలో యాట (మేకో గొర్రో) మాత్రం తప్పదు. ఆ రోజు మీకు శాకాహారం దొరకాలంటే మీ అత్తగారితో రెండు రోజుల ముందే చెప్పించుకోండి, లేకపోతే పెరుగన్నంతో సరిపెట్టుకోవాలి.

గుంటూరు అల్లుడు

అందరికీ కృతజ్ఞతలు. వెళ్లి వచ్చి తప్పకుండా రాస్తాను. కారు మాత్రం లోపలికే తీసుకువెళ్లక తప్పేట్టు లేదు. అమ్మమ్మ గారికి మోకాళ్ల నొప్పులు, ఆమెను ఆసుపత్రి నుంచి మేమే ఎక్కించుకుని వెళుతున్నాం.

బిక్కేరు

అమ్మమ్మను ఇంటి ముందు దించి, కారును మళ్లీ బయట పెట్టి నడిచి రండి. అర కిలోమీటరు కూడా ఉండదు.

గుంటూరు అల్లుడు

వెళ్లి వచ్చి అయిదు రోజులైంది. మొదట ఒప్పుకోవలసిన సంగతి ఒప్పుకుంటాను. బిక్కేరు గారు రెండుసార్లు చెప్పినా కారు లోపలే పెట్టాను. అమ్మమ్మను దించగానే ఎవరో చాయ ఇచ్చారు, తర్వాత ఇంకెవరో కల్లు పోశారు, తర్వాత పట్నం మొదలైందని పిలిచారు. బయటికి వచ్చి చూసేసరికి తోవకు అడ్డంగా ఎడ్లబండి నిలబడి ఉంది. సోమవారం తొమ్మిదింటి సమావేశంలో నేను లేను. దాని పర్యవసానాలు ఇక్కడ రాయడం అనవసరం.

జమిడిక గారు చెప్పినట్టు పట్నం దగ్గర కూర్చున్నాను. గీసినాయన వయసు అరవై దాటి ఉంటుంది. పిండి చేతిలోకి తీసుకోవడం, చూపుడువేలి పక్కన బొటనవేలు కదిలించడం, అంతే. గీత సన్నగా, ఒకే లావున, ఆగకుండా పోతూ ఉంటుంది. ఒకచోట మా మామయ్య కొడుకు పరుగెత్తుకుంటూ వచ్చి పసుపు గడి అంచును తొక్కాడు. అందరూ అయ్యో అన్నారు. ఆయన కోప్పడలేదు, వాడి పాదం గుర్తు చుట్టూ కుంకుమతో ఒక గీత గీసి, దాన్ని ముగ్గులో ఒక ఆకులా కలిపేసుకున్నాడు. కథ పాడుతున్నాయన ఆ ఆకును కూడా పాటలోకి తెచ్చి ఒక చరణం అల్లాడు, జనం నవ్వారు.

ఆదివారం తెల్లవారకముందే నీళ్లు పోయడం మొదలైంది. బొడ్రాయి నేను అనుకున్నంత పెద్దది కాదు, నా మోకాలికి కొంచెం పైకి వస్తుంది. నల్లరాయి, పైన గుండ్రంగా నున్నగా చేశారు. ఏడాదిగా పూసిన పసుపు అడుగున పొరలు కట్టి ఉంది. నీళ్లు పడేకొద్దీ ఆ పసుపు కరిగి చుట్టూ కట్టిన సిమెంటు గద్దె మీద నుంచి కాలువలా వీధిలోకి పారింది. ఆ పారిన నీళ్లలో కాళ్లు తడుపుకోవడానికి ముసలివాళ్లు చెప్పులు విడిచి నిలబడ్డారు. తంగేడు గారి మాట గుర్తుంచుకుని ఫోను జేబులోంచి తీయలేదు. తీసిన అల్లుళ్లు నలుగురు ఉన్నారు, వారిలో ఇద్దరు తిట్లు తిన్నారు.

వాడ నుంచి గారు అడిగినది కూడా గమనించాను. నీళ్ల వరుసలో వాడ ఆడవాళ్లు ఉన్నారు, విడిగా కాకుండా కలిసే నిలబడ్డారు. ఘటం సంగతి వేరు. మధ్యాహ్నం మూడింటికి పెద్ద వీధిలో బయలుదేరిన ఘటం ప్రతి గడప దగ్గరా ఆగి, పసుపు నీళ్ల సాక పోయించుకుని, వాడకు చేరేసరికి రాత్రి పదకొండు దాటింది. అప్పటికి డీజే శబ్దానికి పిల్లలంతా ఏడ్చి ఏడ్చి నిద్రపోయారు, ఎత్తిన బోనాల మీద దీపాలు సగం ఆరిపోయాయి. వచ్చే ఏడు అక్కడి నుంచే మొదలుపెడతారా అని మా మామయ్యను అడిగాను. ‘అడగాలె’ అన్నారు. ఎవరిని అడగాలో చెప్పలేదు.

అసలు నేను రాయదలచినది ఇంకొకటి ఉంది. మా అత్తగారి చెల్లెలు, అంటే మా చిన్నత్తయ్య, భివండీలో ఉంటారు. ముప్పై ఏళ్ల కిందట మరమగ్గాల పనికి వెళ్లిన కుటుంబం. ఈ పండుగ కోసం భార్యాభర్తలిద్దరూ పది రోజుల కూలి వదులుకుని బస్సు ఎక్కారు. ఆ బస్సు సోలాపూరు దగ్గర చెడిపోయి రాత్రంతా రోడ్డు పక్కనే ఉండిపోయింది. శనివారం సాయంత్రం చేరవలసినవారు ఆదివారం పదింటికి ఊరి పొలిమేర కల్వర్టు దగ్గరికి చేరారు. అప్పటికి కట్టడి పడి పది గంటలైంది.

మా మామయ్య పెద్దలను బతిమాలారు. సొంత ఆడబిడ్డ, ఇంత దూరం నుంచి వచ్చింది, ఒక్క బండి పక్కకు జరిపితే ఏమవుతుందన్నారు. పెద్దల్లో ఒకరిద్దరు మెత్తబడ్డారు కూడా. ఒప్పుకోనిది చిన్నత్తయ్యే. ‘నా కోసం కట్టు తెంపితే రేపు ఊళ్లో ఎవరికి ఏమైనా నా పేరే చెప్తరు, ఈడనే కూసుంట’ అని కల్వర్టు గోడ మీద సంచులు పెట్టుకుని కూర్చున్నారు.

అమ్మమ్మకు ఈ సంగతి తెలిసి, మోకాళ్ల నొప్పులన్న మనిషి, ఎవరికీ చెప్పకుండా కర్ర పట్టుకుని నడుచుకుంటూ వెళ్లిపోయింది. మేము వెతుక్కుంటూ వెళ్లేసరికి ఎడ్లబండికి ఇటు అమ్మమ్మ, అటు చిన్నత్తయ్య. బండి చక్రం ఆకుల సందుల్లోంచి మాట్లాడుకుంటున్నారు. ఏడుపులు లేవు. బర్రె ఈనిందా, ఫలానావాళ్ల కోడలు మళ్లీ వచ్చిందా, భివండీలో నీళ్లు ఎన్ని రోజులకు వస్తున్నాయి, ఇవే మాటలు. ఎండ ఎక్కుతోంది కదా అని నేను నా చేతిలోని నీళ్ల సీసా బండి మీదుగా అందించబోయాను. కాపలా ఉన్న ఇంటరు కుర్రవాడు నా ముంజేయి పట్టుకుని ‘బావా, పోనియ్యొద్దు’ అన్నాడు. బిక్కేరు గారు ఇక్కడ ముందే రాశారు, అయినా చేయి చాచే ముందు నాకు గుర్తు రాలేదు. చిన్నత్తయ్య తమ సంచిలోంచి సొంత సీసా తీసి చూపించి నవ్వారు.

తర్వాత జరిగినది నాకు ఇప్పటికీ వింతగానే ఉంది. లోపలి నుంచి ఏదీ బయటికి పోకూడదు కాని, బయట ఉన్నవారు తెచ్చినది తాము తినడానికి అడ్డు లేదు. చిన్నత్తయ్య దారిలో తిందామని కట్టుకున్న జొన్నరొట్టె, పల్లీల చట్నీ విప్పారు. అమ్మమ్మ నన్ను ఇంటికి పంపి తన కంచం తెప్పించుకుంది. అటు ఆమె రొట్టె, ఇటు ఈమె బగారన్నం. ఒకరి ముద్ద ఒకరు తీసుకోకుండా ఎదురెదురుగా కూర్చుని తిన్నారు. అమ్మమ్మ కంచం నేల మీద పెట్టినప్పుడు అంచు బండి నీడ దాటి అటు పోయిందేమోనని రెండుసార్లు చూసుకుని వెనక్కి జరుపుకుంది.

ఆ రాత్రి చిన్నత్తయ్య దంపతులు పక్క ఊళ్లో చుట్టాల ఇంట్లో పడుకున్నారు. ఇక్కడ పొలి చల్లడం రాత్రి ఒంటిగంటకు మొదలై మూడింటికి ముగిసింది. గుమ్మడికాయలే, దున్నపోతు లేదు. గంప ఎత్తుకున్న నలుగురి వెంట నేను కూడా పరుగెత్తాను, పత్తి కట్టెలు గుచ్చుకుని కాళ్లు గీరుకుపోయాయి. చీకట్లో అందరూ ‘పొలి’ అని అరుస్తుంటే అవతల చేలలో కుక్కలు బదులు పలికాయి. కల్వర్టు దగ్గరికి వచ్చినప్పుడు ముందు పరుగెత్తేవాడు పగలు చిన్నత్తయ్య కూర్చున్న చోటును కూడా లోపలికి కలుపుకుని ఒక వంపు తిరిగాడు. అది ఎప్పుడూ తిరిగే దారేనో, ఆ ఒక్క రాత్రికేనో నేను అడగలేదు.

తంగేడు

చిన్నత్తయ్య గారికి ఒడిబియ్యం పోశారా? అది రాయలేదు మీరు.

గుంటూరు అల్లుడు

పోశారు. సోమవారం పొద్దు పొడవగానే బండి జరిపారు. మొదట లోపలికి వచ్చినది ఆవిడే. ఇంటికి కూడా వెళ్లకుండా నేరుగా బొడ్రాయి దగ్గరికి వెళ్లి, పక్కింటి వాళ్ల బిందె అడిగి తీసుకుని నీళ్లు పోశారు. ముందు రోజు పారిన పసుపు వీధిలో ఎండిపోయి అట్టకట్టి ఉంది, ఆ నీళ్లకు అది మళ్లీ తడిసింది. మధ్యాహ్నం అక్కాచెల్లెళ్లిద్దరికీ, నా భార్యకూ వరుసగా పోశారు. అంతా అయ్యాక నేను హైదరాబాదుకు బయలుదేరేసరికి సాయంత్రం నాలుగు. బియ్యం మూట వెనక సీటులో నా భార్య ఒడిలోనే వచ్చింది, డిక్కీలో పెట్టలేదు.

వాడ నుంచి

ఘటం సంగతి రాసినందుకు సంతోషం. పదకొండు గంటలు అంటే మా ఊరి కంటే గంట ముందే చేరింది. మీ మామయ్య గారు ఎవరిని అడగాలో చెప్పలేదన్నారు. పండుగ లెక్కలు చూసే కమిటీ ఉంటుంది, వచ్చే ఏటి చందా పోగుచేసే మొదటి కూడికలోనే దారి కూడా నిర్ణయిస్తారు. ఆ రోజు కూర్చున్నవాళ్లదే మాట. మీరు అల్లుడు కాబట్టి మాట్లాడలేరు, మీ మామయ్య గారు మాట్లాడవచ్చు.

గుంటూరు అల్లుడు

ఈ మాట ఆయనకు నిన్న రాత్రే ఫోనులో చెప్పాను. ‘కూడిక ఉగాది తర్వాత’ అన్నారు. ఉగాదికి మేము మళ్లీ వెళుతున్నాం. ఈసారి కారు కల్వర్టు అవతలే పెడతాను.